బిడ్డకో వాక్యం

మా మనవరాలికి ఈ మధ్యనే బడిలో ఉద్యోగం వచ్చింది. మొన్న సాయంత్రం ఇంటికొచ్చి, సంచి ఒక మూలకి గిరాటేసి, కాళ్ళయినా కడుక్కోకుండా గుమ్మంలో కూలబడింది. ఏమైందే అంటే, "నేను చదువుకున్నది పాఠాలు చెప్పడానికి నాయనమ్మా. పొద్దున్నించీ ముక్కులు తుడిచాను, లాగులకి బొందులు కట్టాను, ఒకడు ఇంకొకడిని కొరికితే విడదీశాను. దీనికి నేనెందుకు?" అంది.

నేను నవ్వాను. నా గొంతు అసలే బొంగురు. ఏళ్ళ తరబడి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ అరిచిన గొంతు. నవ్వితే రంపం కోసినట్టుంటుంది. దానికి మరింత ఒళ్ళు మండింది. కోప్పడకు, నాకు తెలిసిన మేష్టారొకాయన ఉండేవాడు, ఆయన సంగతి చెబుతాను, నువ్వు రాయి అన్నాను. నాకు రాయడం రాదు. చెప్పడమే.

మా పల్లె కళింగపట్నం దాటాక, సముద్రం ఒడ్డునే. ఇసక, మొగలి పొదలు, తాటిచెట్లు, అరవై గడప. చేపలు ఎండే వాసన మాకు తెలిసేది కాదు. గాలంటేనే అలా ఉంటుంది కాబోలు అనుకునేవాళ్ళం. అదొక వాసన అని నాకు మొట్టమొదట తెలిసింది మేష్టారు వచ్చిన రోజున. ఇసకలో సైకిలు నడవక, భుజాన వేసుకుని మోసుకొచ్చారు. విజయనగరం అవతల వరి పండించే రైతుల బిడ్డ, కళింగపట్నంలో అద్దెకి దిగారు. పల్లెలోకి అడుగు పెట్టారో లేదో సైకిలు కింద పడేసి మొగలి పొద చాటుకి పరిగెత్తారు. మేము వెనకాలే వెళ్ళి చూసి, "కొత్త మేష్టరు కక్కీసినాడర్రా" అని ఇంటింటికీ చాటి వచ్చాం. ఆ తరవాత జేబురుమాలులో కర్పూరం ముక్క కట్టుకుని తెచ్చుకునేవారు. మాకు పాఠం చెబుతూ చెబుతూ ముక్కు దగ్గర పెట్టుకునేవారు.

బడంటే తాటాకు పాక. మట్టి గోడలు, ఒక తలుపు, ఒక నల్లబల్ల. మగపిల్లలు ఒడ్డుకి వల వచ్చేదాకా కూర్చునేవారు, వల వచ్చిందని కేక వినబడితే పలకలు అక్కడే వదిలి పారిపోయేవారు. ఆడపిల్లలు అసలు వచ్చేవారే కాదు. ఎలా వస్తారు? ఒక్కొక్కదాని చంకలో ఒక్కొక్క బిడ్డ. నాకప్పటికి పదేళ్ళుంటాయి. నా చంకలో నా చెల్లి, ఏడో నెల. అమ్మ గంప ఎత్తుకుని ఊళ్ళమీద పోయేది, అయ్య తెప్ప మీద పోయేవాడు. చెల్లిని చంకలోంచి దించితే పల్లె లేచిపోయేలా ఏడ్చేది. దాన్ని మోసుకుని తిరిగి తిరిగి, రోజూ బడి గుమ్మం దగ్గరికి పోయి ఆగేదాన్ని.

ఒక రోజు మేష్టారు పాఠం ఆపి అడిగారు. "ఎవరే నువ్వు? లోపలికి రావు, బయటికి పోవు."

"నాను బడికి రానేదండి. ఈ గుంటని ఎత్తుకున్నానండి."

"ఎత్తుకుంటే ఇక్కడెందుకు నిలబడ్డావు?"

"మీరు అరుస్తంటే ఇది ఏడుపు మానీసి ఇంటాదండి."

మగపిల్లలు పడీ పడీ నవ్వారు. మేష్టారు నవ్వలేదు. "ఇది వింటుంది సరే. నువ్వు వింటావా?" అని అడిగారు. నేను కాలి బొటనవేలుతో మట్టి గీకుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం మేష్టారు మా ఇంటికొచ్చి అయ్యని చిరిగిన వల ఒకటి అడిగారు. అప్పుడప్పుడే నైలాను వలలు వస్తున్నాయి, నూలు వలలు మూల పడుతున్నాయి. "మేష్టరికి వలేటికీ? జీతం సాలక సేపలు పడతాడేటి?" అని అయ్య ఆయన ముందే అమ్మతో అని, రెండు మంచి ముక్కలు చూసి ఇచ్చాడు. మర్నాడు చూస్తే బడి దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. నూలు వలలకి పట్టించే బెరడు వాసన బడంతా నిండింది. మేష్టారు చెల్లిని నా చేతిలోంచి తీసుకుని అందులో పడుకోబెట్టి, ఉయ్యాలకో తాడు కట్టి, తాడు రెండో కొస తన కాలి బొటనవేలికి ముడేసుకున్నారు. కుర్చీలో కూర్చుని "రెండొకట్ల రెండు" అని కాలు ఆడించారు. "రెండు రెళ్ళు నాలుగు" అని మళ్ళీ ఆడించారు. రెండో ఎక్కం పూర్తి కాకుండానే చెల్లి నిద్రపోయింది. నేను జన్మలో మొదటిసారి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తాడు సంగతి మరిచిపోయి మేష్టారు నల్లబల్ల దగ్గరికి లేచినప్పుడల్లా ఒంటికాలి మీద గెంతేవారు. మేము ఆ గెంతు కోసమే, "మేష్టారూ, ఆ అచ్చరం కనపణ్ణేదండి, మళ్ళీ రాయండి" అనేవాళ్ళం.

నెల తిరిగేసరికి ఆరు ఉయ్యాలలు. ఆరుగురు బిడ్డలు, ఆరుగురు అక్కలం. మేష్టారి కాలివేళ్ళకి ఆరు తాళ్ళు. ఎవరైనా బిడ్డ తడిపితే పలక మీదే పడేది. దాని అక్క పలక తుడుచుకుని మళ్ళీ అదే అక్షరం రాసుకునేది. మధ్యాహ్నం మాకు చోడి అంబలి, కాల్చిన నెత్తళ్ళు, వేలెడంత చేపలు. మేష్టారికి ఇంటినుంచి తెచ్చుకున్న దిబ్బరొట్టె. ఒకసారి ఆయన చూడకుండా సైకిలు సంచిలో గుప్పెడు ఎండు నెత్తళ్ళు పోసేశాం. మర్నాడు వచ్చి, "ఇంటికెళ్ళినా మీరే వస్తున్నారర్రా నాతో" అన్నారు. తిట్టలేదు.

ఒక రోజు నన్ను నిలబెట్టి అడిగారు. "ఈ పల్లెలో ఇంతవరకూ ఒక్క ఆడపిల్లా అయిదో తరగతి పరీక్ష రాయలేదట. నీకు తొందరగా వస్తోంది. రెండేళ్ళు కుదురుగా కూర్చుంటే నీచేత రాయిస్తాను. కూర్చుంటావా?"

"కూకుంటానండి" అన్నాను. ఆ మాట ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు నవ్వుతారని. లోపలే దాచుకుని తిరిగాను.

చలికాలం వచ్చింది. నెత్తళ్ళు పడే రోజులు. వలకి వల నిండా వెండి రజను పోసినట్టు పడ్డాయి. ఒడ్డంతా పరిచారు. పరిచినవి గంట గంటకీ తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి. చేతులు చాలవు. ఒక పొద్దున్న అమ్మ నా జడ అల్లుతూ అడిగింది.

"బిడ్డ బళ్ళో నిద్దరోతాదేటే?"

"పోతాదమ్మా."

"నువ్వు పక్కన నేకపోతేనో?"

నాకు మా మేష్టారంటే ఎంత గర్వమో! ఆ గర్వంలో నోరు జారాను. "నానేటికే? మేష్టారు కాలితో ఊపుతారు. నానున్నట్టు కూడా దానికి తెలీదు."

అమ్మ జడ కొస ముడేసి, "అయితే దాన్నక్కడ దించీసి నువ్వు ఇసక మీదికి రా" అంది.

అంతే. నా చేతులు ఖాళీ కావడానికి మేష్టారు ఉయ్యాల వేశారు. ఖాళీ అయిన చేతులకి అమ్మ పని చూపించింది. వారం తిరక్కుండా మిగతా అయిదుగురి తల్లులకీ అదే తోచింది. పొద్దున్నే వరసగా వెళ్ళి బిడ్డల్ని దించి, ఇసక మీదికి పరిగెత్తేవాళ్ళం. మేష్టారు నాలుగు రోజులు చూశారు. అయిదో రోజు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టారు. "అక్క కూర్చుంటేనే చెల్లికి ఉయ్యాల. మీ అమ్మలతో చెప్పండి."

మా అమ్మే వచ్చింది. నోట్లో అడ్డపొగ చుట్ట, నిప్పు లోపలికి పెట్టుకుని. మాట్లాడాల్సి వస్తే తప్ప అది బయటికి తీయదు. గుమ్మంలో నిలబడి తీసింది.

"ఏటి మేష్టరూ, బిడ్డని దించనివ్వనన్నావంట?"

"దించమ్మా. పెద్దదాన్ని కూడా కూర్చోబెట్టు."

"అది కూకుంటే నెత్తళ్ళు నువ్వొచ్చి తిరగేస్తావేటి?"

"బిడ్డల్ని ఊపడానికి కాదమ్మా నన్నిక్కడికి పంపింది."

"మరిన్నాళ్ళూ ఏటికూపినావు? మేమొచ్చి అడిగినామా నిన్ను?"

మేష్టారు చేతిలోని సుద్దముక్క కింద పెట్టేశారు. ఆయన మొహం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. అమ్మ చెల్లిని ఎత్తుకుని, నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. మిగతా తల్లులూ అంతే చేశారు.

అటుపైని పది రోజులు బడికి మగపిల్లలు నలుగురో అయిదుగురో. ఆరు ఉయ్యాలలూ ఖాళీ. చెల్లి ఇసక మీద, బోర్లించిన గంప నీడలో. నీడ జరిగిపోయేది, నేను నెత్తళ్ళ మధ్య ఉండి చూసుకునేదాన్ని కాదు. పదో రోజుకి దాని ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పెదాలు పగిలిపోయాయి. ఏడవడం కూడా మానేసింది.

ఆ పొద్దునే నూతికి వెళ్ళిన ఆడవాళ్ళు చూసొచ్చి అమ్మతో చెప్పారు, బడిలో ఖాళీ ఉయ్యాలలు ఊగుతున్నాయని. మాలో ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఊపితే అందులో పడుకునే బిడ్డకి కీడు. అమ్మ గంప అక్కడే పడేసి బడికి పరుగు పెట్టింది. చెల్లిని భుజాన వేసుకుని వెనకాలే నేను.

"మేష్టరూ! కక్ష మా మీదుంటే మా మీద తీర్సుకో. ఖాళీ ఉయ్యాల ఊపుతావేటి? నా బిడ్డకి జొరమొచ్చీసినాది!"

"నేను ఊపలేదమ్మా. సముద్రం గాలి."

"గాలైతే మడిసి కట్టీయొద్దా? నీకు తల్లి నేదేటి, సెప్పనేదేటి నీకు?"

ఆయన అమ్మ మాట వినడం లేదు. నా భుజం మీది బిడ్డని చూస్తున్నారు. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేశారు. ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే మనిషికి ఆ పూట పుస్తకం జారిపోయింది. "ఇంత జొరంతో ఎండలో తిప్పతన్నారేటే? బుద్ధుందా మీకు? ఇటియ్యి" అని లాక్కున్నారు. ఉయ్యాల్లో పడుకోబెట్టి, జేబురుమాలు విప్పి, కర్పూరం అవతల పారేసి, గుడ్డ తడిపి నుదుటి మీద వేశారు. అప్పుడు అమ్మతో అన్నారు. "నువ్వు పనికి పోమ్మా. దీన్ని నేను చూస్తాను. రేపూ దించు, ఎల్లుండీ దించు. రూలూ లేదు, గీలూ లేదు. మిగతా వాళ్ళకి కూడా చెప్పు."

"మరి పెద్దది?" అంది అమ్మ, నమ్మలేక.

"పెద్దదాన్ని తీసుకుపో."

ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. నేను ఆయన్నే చూస్తున్నాను. చివరికి నేను కూడా ఇసక మీదికి వెళ్ళిపోయాను.

సాయంత్రం బిడ్డని తెచ్చుకోవడానికి వెళ్ళాను. జ్వరం తగ్గుముఖం పట్టింది. చెల్లి మేష్టారి భుజం మీద ఉంది. చేతులు చాచాను. ఇవ్వలేదు. గడ్డంతో నల్లబల్ల చూపించారు.

"ముందు అది చదువు."

ఒకే ఒక్క వాక్యం. నేను బిడ్డని చూశాను, బల్లని చూశాను. కూడబలుక్కుంటూ చదివాను. "వ... ల... వల. బ... రు... వు... బరువు. వల బరువుగా ఉంది."

"ఇదిగో నీ చెల్లి" అని అందించారు.

ఆ రోజునుంచి అదే పద్ధతి. బిడ్డకో వాక్యం. సాయంత్రం ఆరుగురం వరసలో నిలబడేవాళ్ళం. ఎవరు చదివితే వాళ్ళకి బిడ్డ. చదవలేనిది పక్కన నిలబడి మళ్ళీ ప్రయత్నించాలి. పల్లెలో ఇదెలా పాకిందో ఏమో, గవర్నమెంటు రూలని పాకింది. "సదివితేనే గానీ బిడ్డనియ్యరంట. పైనించి వొచ్చీసినాదంట ఆర్డరు." మేష్టారు అవునననూ లేదు, కాదననూ లేదు. తల్లులకి పాలు చేపుకొచ్చి రవికలు తడుస్తుంటే బిడ్డ ఇంకా రాలేదని గోల. "పక్కింటి గుంట బేగి సదివీసి తెచ్చీసినాది, నీకేటే రోగం? రాతిరి గుడ్డిదీపం ముందు కూకుని సదువు, రేపు ఆలీసం సేసినావంటే తోలు తీసీగలను" అని మా అమ్మే నన్ను తిట్టింది. మా అమ్మ, చుట్ట తీసి మేష్టారిని అంతలేసి మాటలన్న ఆ అమ్మే. ఆ తిట్టు నేను మేష్టారికి అప్పజెప్పితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

వాక్యాలు మావే రాసేవారు. తూర్పు గాలి వీస్తోంది. తెప్ప ఇంకా రాలేదు. మొగలి పువ్వు ముళ్ళ మధ్య ఉంటుంది. ఒకటి చదివి, దారి పొడుగునా చెల్లి చెవిలో అదే పాడుకుంటూ ఇంటికి పోయేదాన్ని. అయిదో తరగతి ఇక లేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు. కానీ రోజుకొక వాక్యం నాది. దాన్ని ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడు ఒక పాడు పని చెప్పాలి. ఎండాకాలం వచ్చేసరికి చెల్లికి ఏడాది నిండింది. గోడ పట్టుకుని లేవడం మొదలెట్టింది. అది నడిస్తే ఇక ఉయ్యాల అక్కరలేదు. ఉయ్యాల లేకపోతే నేను బడికి వెళ్ళక్కరలేదు. అది లేచినప్పుడల్లా కూర్చోబెట్టేసేదాన్ని. "నీకేటే అంత తొందర?" అని ఎత్తుకుని తిప్పేదాన్ని, నడుం పడిపోతున్నా సరే. అమ్మకి బెంగ పట్టుకుంది. "దీనీడువన్నీ నడిసేస్తన్నాయి, దీని కాళ్ళకేటయినాదో" అని నూనె పెట్టి రుద్దేది, కాళ్ళకి బలం రావాలని వెచ్చని ఇసకలో నడుం దాకా పూడ్చి కూర్చోబెట్టేది. చెల్లి ఆ ఇసకలోంచి నన్ను చూసి నవ్వేది. నేను ఆ నవ్వు చూడలేక కాకుల్ని తోలడానికి పోయేదాన్ని.

నేను అడ్డుపడితే ఆగుతుందా? ఒక సాయంత్రం నేను గుమ్మంలోకి వచ్చేసరికి అది ఉయ్యాల పక్కన దూలం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది. గుంజ వదిలేసింది. ఊగుతూ, తూలుతూ, పలకల మీంచి అడుగులేస్తూ వచ్చి నా కాళ్ళకి చుట్టుకుంది. మేష్టారు చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ నా మొహం చూసి ఆపేశారు. ఆయనకి అర్థమైంది. ఇన్నాళ్ళ నా దొంగతనం కూడా అర్థమయ్యే ఉంటుంది. ఆ రోజు వాక్యం నేను చదివాను, కానీ బిడ్డ అప్పటికే నా దగ్గరుంది.

మర్నాడు అమ్మ సంబరంగా దాన్ని ఇసక మీదికే తీసుకుపోయింది. బడి ముగిసే వేళకి ఎండ తాటిచెట్ల వెనక్కి దిగుతుంది. ఆ వేళ అయింది. నేను నెత్తళ్ళు తిరగేస్తున్నదాన్ని లేచి, చేతులు ఇసకతో రుద్దుకుని, ఒక్కదాన్నే బడికి వెళ్ళాను. మేష్టారు సైకిలు తీస్తున్నారు.

"బిడ్డ ఏది?"

"ఇసక మీదున్నాదండి. నడుస్తన్నాది."

"మరి నువ్వెందుకొచ్చావు?"

"వాక్యానికండి."

ఆయన సైకిలు గోడకి ఆనించారు. లోపలికి వెళ్ళి నల్లబల్ల తుడిచారు. అది అప్పటికే తుడిచి ఉంది. మళ్ళీ తుడిచారు. నాకు వీపే కనిపిస్తోంది. అప్పుడు సుద్దముక్క తీసుకుని రాశారు.

ఇంటికెళ్ళాక అమ్మ అడిగింది. "బిడ్డ నేకుండా వాక్యమేటే?" గవర్నమెంటు రూలమ్మా, బిడ్డ నడిచినా ఆగదంట అన్నాను. "దిక్కుమాలిన రూలు" అని చుట్ట లోపలికి పెట్టేసుకుంది.

అలా వానలు పడేదాకా వెళ్ళాను. మిగతా అయిదుగురిలో ముగ్గురు వచ్చారు, తరవాత మానేశారు. ఆ వానల్లోనే, వచ్చి ఏడాది తిరక్కుండా మేష్టారికి బదిలీ అయింది. ఎక్కడికో మాకు తెలీదు. తరవాత వచ్చినాయన ఉయ్యాలలు విప్పించేశారు. అయిదో తరగతి పరీక్ష నేను రాయలేదు. పెళ్ళైంది, గంప ఎత్తాను, పిల్లల్ని కన్నాను, మా ఆయన్ని సముద్రానికి ఇచ్చుకున్నాను. మా పల్లెలో గడిపిన ఏడాదిని మేష్టారు దేని కింద జమ కట్టుకున్నారో నాకు తెలీదు. ఒక్క పిల్లని గట్టెక్కించలేకపోయానని బాధపడే ఉంటారు. గుమ్మంలో కూలబడ్డ నా మనవరాలి మొహం చూస్తే ఆయన కూడా ఎన్ని సాయంత్రాలు అలా కూలబడ్డారో అనిపిస్తుంది.

ఆయన వెళ్ళిపోయిన రోజు నేను అమ్మతో సంతలో ఉన్నాను. ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. అలవాటు కొద్దీ బడికి పోయాను. సైకిలు లేదు. తలుపు తీసే ఉంది. నల్లబల్ల మీద వాక్యం ఉంది.

అడ్డు చెప్పేవాళ్ళు లేరు, దిద్దేవాళ్ళు లేరు. గట్టిగా, ఒక్కదాన్నే చదువుకున్నాను.

"చదివాక తలుపు గడియ వేసి వెళ్ళు. మేకలు దూరుతాయి."

రెండుసార్లు చదివాను. గడియ వేసి ఇంటికి వెళ్ళాను.